రెక్క పక్క సీటు

బిలాస్‌పూర్,
ఫిబ్రవరి 3

ప్రియమైన తిరుమలరావుకి,

నీ ఉత్తరం పోలయ్య ఇంటికే తెచ్చి ఇచ్చాడు. విశాఖ బండిలో అతను కోచ్ అటెండెంట్‌గా ఉన్నన్నాళ్ళూ మనకి పోస్టాఫీసుతో పని లేదు. ఫోను ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. ఎత్తి ఏం లాభం? నీ చెవులూ నా చెవులూ ఇంజన్ క్యాబ్‌లోనే పాడయ్యాయి. నువ్వు అరుస్తావు, నేను అరుస్తాను, మన పిల్లల పెళ్ళి సంగతి రైల్వే కాలనీ అంతా వింటుంది. ఉత్తరమే మేలు. మా పృథ్వీకి తెలుగు చదవడం రాదు కాబట్టి గుట్టుగా కూడా ఉంటుంది.

ఇక అసలు విషయం. మా పృథ్వీ, మీ స్పందన ఒకరినొకరు ఇష్టపడ్డారు. బ్యాంకు పని మీద వీడు జబల్‌పూర్ వెళ్ళినప్పుడు విమానంలో పరిచయం అయిందట. మా ఆవిడ అప్పలనర్సమ్మ అప్పుడే చీరలకి గోల్ బజార్ చుట్టి వస్తోంది. నేను మాత్రం ఇంకా సరేనని అనలేదు. ఎందుకో నీకు నేను చెప్పక్కర్లేదు. లోకో ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నన్నాళ్ళూ ఇంజన్‌లో పక్కన నిలబడి, ఫుట్‌ప్లేట్ చేసి, కళ్ళతో చూస్తే తప్ప ఏ డ్రైవర్‌కీ నేను ఫిట్ ఇవ్వలేదు. నీకూ ఇవ్వలేదు. అలాంటివాణ్ణి, కోడలికి చూడకుండా ఎలా ఇస్తాను? పృథ్వీ ఫోనులో ఫోటో చూపించాడు. టోపీ, నల్లద్దాలు. పైలట్ అని తెలిసింది, పిల్ల తెలియలేదు. నేను చూసినప్పుడు దానికి ముందు పళ్ళు కూడా రాలేదు.

అందుకని వచ్చే గురువారం, పన్నెండో తేదీ పొద్దున్న జబల్‌పూర్ విమానానికి టికెట్ కొన్నాను. ఆ రోజు డ్యూటీ మీ అమ్మాయిదేనని పృథ్వీ మాటల్లో విన్నాను. కాక్‌పిట్‌లోకి నన్ను రానివ్వరు. ఫరవాలేదు. ఎత్తడం, తిప్పడం, దించడం చూస్తే డ్రైవర్ తెలిసిపోతాడు. మా ఆవిడకి ఒక్కదానికే చెప్పాను. "ఏటీ, కోడల్ని చూడ్డానికి మబ్బుల్లోకెళ్తావా? దాని ఇంటికెళ్తే కాఫీ ఇచ్చును కదా!" అంది.

ఆ అమ్మాయికి చెప్పకు. ముందే చెబితే అది ఇన్‌స్పెక్షన్ కాదు, పేరంటం.

నీ మేలు కోరే
జగన్నాథం

*

మర్రిపాలెం, విశాఖపట్నం,
ఫిబ్రవరి 7

ప్రియమైన ఉస్తాద్‌కి,

మీ ఉత్తరం చదివి మా ఆవిడ ప్రసూన సోఫాలో కూలబడింది. నేను నిలబడే ఉన్నాను, ఎందుకంటే మీ దగ్గర అసిస్టెంట్‌గా అన్నేళ్ళు నిలబడి అలవాటు.

ఉస్తాద్, మీరు నాకు పని నేర్పినవారు. కాదనను. కానీ విమానం సంగతి మీకేం తెలుసు? భన్‌వార్ టోంక్ వంతెన మీద బండి వెళ్తుంటే కిందికి చూడమని నన్ను పంపి, మీరు స్పీడు మీటర్ చూస్తూ కూర్చునేవారు. డ్యూటీ అయ్యాక పేండ్రారోడ్ నుంచి ఇంటికి స్పేర్‌లో వచ్చేవాళ్ళం గుర్తుందా? డ్రైవర్లమే అయినా ప్యాసింజర్లలా పెట్టెలో కూర్చుని రావాలి. నేను హాయిగా నిద్రపోయేవాణ్ణి. మీరు? వేరేవాడు బండి నడుపుతున్నాడని దారి పొడుగునా బ్రేకు ఉన్నట్టు నేలని కాలితో నొక్కుతూ కూర్చునేవారు. అలాంటి మనిషి ఆకాశంలో ప్యాసింజర్ సీట్లో ఎలా కూర్చుంటారో నాకు అర్థం కావడం లేదు.

స్పందనకి చెప్పను. మీ మీద గౌరవంతో కాదు, భయంతో. అది పృథ్వీని తప్ప ఎవర్నీ చేసుకోనంది. కానీ మామగారు ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారని తెలిస్తే మీ ఇంటి గడప తొక్కదు. దానికి ఎంత ప్రేమ ఉందో అంత పౌరుషం కూడా ఉంది. నా ఒక్కగానొక్క పిల్ల పెళ్ళి మీ టికెట్ మీద ఆధారపడి ఉంది. దయచేసి కిటికీలోంచి చూసి, బిస్కెట్ తిని, నోరు విప్పకుండా దిగిపొండి.

ఎప్పటిలాగే మీ వెనక నిలబడే
తిరుమలరావు

*

బిలాస్‌పూర్,
ఫిబ్రవరి 13

ప్రియమైన తిరుమలరావుకి,

మీ అమ్మాయికి ఫిట్ ఇచ్చాను. ముహూర్తం చూడు.

పేపర్లో చూసే ఉంటావు. ఆ విమానంలో నేనున్నాను. కంగారు పడకు, అందరం బాగున్నాం. ఏం జరిగిందో వరసగా రాస్తాను.

విమానం చిన్నది. రెండు రెక్కలు, రెక్కకొక పంఖా. నా సీటు ఎడమ రెక్క పక్క, కిటికీ దగ్గర. చకర్‌భాఠా ఎయిర్‌పోర్టులో బాగా లేపింది. కుదుపు లేదు. కింద కోటా ఊరు దాటబోతున్నామనగా నా పాదాలకి అదురు తెలిసింది. చెవులు పోయినా పాదాలు పోలేదు నాకు. బయటికి చూస్తే ఎడమ పంఖా తిరుగుడు ఒక తీరుగా లేదు. కొంతసేపు గింజుకుంది, తర్వాత నెమ్మదించింది. ఆ తర్వాత దాని బ్లేడ్లు కత్తుల్లా గాలికి అంచు తిప్పుకుని నిలబడిపోయాయి.

అప్పుడు నెత్తి మీద స్పీకర్‌లో ఆడగొంతు. మొదట పేరు చెప్పింది, అది నాకు వినబడలేదు. మిగతాది వినబడింది. ఎడమ ప్రొపెల్లర్‌లో లోపం వచ్చింది, దాన్ని మేమే ఆపాం, కుడి ఇంజన్ మీద వెనక్కి వెళ్తున్నాం, బెల్టులు విప్పకండి. అంతే. క్షమాపణలు లేవు, దేవుడి పేరు లేదు. ఎక్కువ మాట్లాడే డ్రైవర్‌ని నేనెప్పుడూ నమ్మలేదు. కిందికి చూస్తే, వెళ్ళేటప్పుడు కుడివైపు ఉండిపోయిన మన కట్నీ లైను ఇప్పుడు నా కిటికీ కింద ఉంది. ఒక్క పంఖాతో, లైను పక్కనే పట్టాలు వేసినట్టు తెచ్చింది. దించడం అయితే నేను గ్లాసులో నీళ్ళు పట్టుకుని ఉంటే ఒలికేవి కావు. రన్‌వే పక్కన ఫైరింజన్ నిలబడి ఉంది కానీ దానికి పని పడలేదు.

లోపల కొంత గొడవ అయింది. అది రాయదగ్గది కాదు.

ఒక్కటే అసంతృప్తి. నా పక్క సీట్లో ఒక పిల్ల. దాన్ని పెంచినవాళ్ళెవరో గానీ పెద్దాచిన్నా నేర్పలేదు. మన స్పందనని చూసి ఈ పిల్లని చూస్తే, మన అదృష్టం ఏపాటిదో తెలిసింది.

సంతోషంతో
జగన్నాథం

*

మర్రిపాలెం,
ఫిబ్రవరి 17

ప్రియమైన ఉస్తాద్‌కి,

మీరు క్షేమంగా దిగారు, అంతకన్నా కావలసింది లేదు. ఫిట్ ఇచ్చినందుకు థాంక్స్. నలభై ఏళ్ళలో మా కుటుంబానికి మీరిచ్చిన మొదటి ఫిట్ ఇది.

అయితే పేపర్లో ఇంకో వాక్యం ఉంది. "ఒక వృద్ధ ప్రయాణికుడు లేచి ఎర్ర గుడ్డ ఊపడంతో క్యాబిన్‌లో గందరగోళం నెలకొంది" అని. పేరు వేయలేదు. విమానంలో ఎర్రజెండా చూపించే మనిషి మన దేశంలో ఎంతమంది ఉంటారు? నేను లెక్కేస్తే ఒక్కరే తేలారు. బిలాస్‌పూర్ ఎండకి ఎర్ర గమ్ఛా తువ్వాలు మెడలో లేకుండా ఆయన గుమ్మం దాటరు.

ఇంకొకటి. ఆ పక్క సీటు పిల్ల గురించి వివరంగా రాయండి. ఏమంది, మీరేమన్నారు, ఏదీ వదలకుండా రాయండి. ప్రసూన వినాలని ముచ్చటపడుతోంది. ముహూర్తం సంగతి ఆ తర్వాత.

మీ జవాబు కోసం గుమ్మంలో కూర్చున్న
తిరుమలరావు

*

బిలాస్‌పూర్,
ఫిబ్రవరి 20

ప్రియమైన తిరుమలరావుకి,

సరే, నేనే. లైను మీద బండికి ఏదైనా చెడు కనిపిస్తే గ్యాంగ్‌మాన్ దగ్గర్నుంచి స్టేషన్ మాస్టర్ దాకా ఎవరైనా ఎర్రది చూపించాలి. ఎర్రది లేకపోతే చేతులు ఊపాలి. ఒళ్ళంతా అదే నిండి ఉంది. పంఖా ఆగడం చూశాను. స్పీకర్‌లో ఇంకా ఏమీ చెప్పలేదు. డ్రైవర్‌కి తెలుసో లేదో నాకెలా తెలుస్తుంది? లేచాను. కాక్‌పిట్ వైపు తిరిగి గమ్ఛా అడ్డంగా ఊపాను. "డేంజర్! డేంజర్! ఖడా కరో! ఆపు!" అన్నాను. గట్టిగానే అన్నాను. వెనక సీట్లో ఒకావిడ హనుమాన్ చాలీసా మొదలెట్టింది. ఎయిర్ హోస్టెస్ బెల్టు విప్పుకుని లేచేలోపలే ఆ పక్క సీటు పిల్ల నా చొక్కా పట్టుకుని కిందికి లాగింది.

"కూర్చోండి అంకుల్. ఆకాశంలో ఖడా చేస్తే ఎక్కడ ఖడా చేస్తారు?"

గమ్ఛా లాక్కుంది. మడతపెట్టింది. మడతపెట్టి దాని మీద కూర్చుంది!

"పంఖా ఆగిపోయింది, కనబడటం లేదా నీకు?" అన్నాను.

"ఆగలేదు, ఆపారు. పాడైనదాన్ని అలాగే తిరగనిస్తే గాలికి అడ్డం పడుతుంది. అంచు తిప్పి నిలబెట్టారు. మీరు పాడైన మోటారు ఐసోలేట్ చేసి మిగతావాటి మీద బండి లాగలేదా?"

చూశావా తెలివి? ఈ కాలం పిల్లలకి ఫోనులో అన్నీ దొరుకుతాయి. అప్పుడే స్పీకర్‌లో మన స్పందన కూడా అదే చెప్పింది. ఆ పిల్ల "విన్నారా?" అన్నట్టు చూసింది.

మొదటి నుంచీ వివరంగా రాయమన్నావు కదా. ఎక్కగానే మా ఆవిడకి ఫోను చేశాను. "నర్సా, ఎక్కీసేను, మన కోడలే నడుపుతాది" అన్నాను. ఫోను పెట్టగానే ఈ పిల్ల, "తెలుగువారా అంకుల్?" అంది. జుట్టు విరబోసుకుంది, ముఖానికి మాస్కు, ఒకటే తుమ్ములు. మన ఊళ్ళో తెలుగు పిల్లలకి కరువా, నేను వింతపడలేదు. పేరడిగితే తుమ్మింది. మళ్ళీ అడగలేదు. మా ఆవిడ కట్టిన ఠేఠరీ జంతికల పొట్లం విప్పితే, నాకేమీ మిగల్చకుండా మొత్తం తినీసింది. తింటూ ఆరా. ఎక్కడికెళ్తున్నారు, ఎందుకెళ్తున్నారు. నేను దాచలేదు, దాచాల్సిందేముంది? ఇన్‌స్పెక్షన్ అని చెప్పాను.

"ఫెయిలైతే?" అంది.

"సంబంధం క్యాన్సిల్."

"అమ్మాయివాళ్ళు ఎలాంటివారు?"

నీ గురించి మంచిగానే చెప్పాను. మనసు మంచిది, సిగ్నల్ కన్నా ముందు టిఫిన్ డబ్బా చూసేవాడు అన్నాను. అందులో అబద్ధం లేదు. తర్వాత, "కోడలు రోజూ ఆకాశంలో ఉంటే మా పృథ్వీకి వండి పెట్టేదెవరా అని ఒక్కటే చింత" అన్నాను.

"మీ అబ్బాయికి చేతుల్లేవా?"

ఎంత మాట! అంతటితో అది ఊరుకోలేదు. "ఆ అమ్మాయి తిరిగి మిమ్మల్ని ఇన్‌స్పెక్ట్ చేస్తేనో?" అంది. నన్నెవరు ఇన్‌స్పెక్ట్ చేస్తారమ్మా అని నవ్వాను.

గమ్ఛా లాక్కున్న తర్వాత నా మణికట్టు పట్టుకుంది. మళ్ళీ లేస్తానని కాబోలు, దొంగని పట్టినట్టు పట్టింది. చక్రాలు నేలకి తగిలేదాకా వదల్లేదు. వేళ్ళ గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి. మా ఆవిడ చూసి, "ఎవత్తి గిల్లింది?" అని అడిగింది. సరే, ఊరికే కూర్చోలేక కింద లైను చూస్తూ నాలో నేను స్టేషన్లు చెప్పుకుంటున్నాను. కర్గీరోడ్ అంటే అది "కర్గీరోడ్" అంది. కల్మీటార్ అంటే "కల్మీటార్". ఘుట్కూ, ఉసలాపూర్, ప్రతిదీ తిరిగి అనేది. చివరికి మన యార్డు కనబడితే "బిలాస్‌పూర్" అన్నాను. అదీ అంది. చావు ముందు పెట్టుకుని పెద్దవాణ్ణి వెక్కిరించే పిల్లని నేను మొదటిసారి చూశాను.

దిగాక గమ్ఛా నా మెడలో వేసి, "ఇన్‌స్పెక్షన్ అయిపోయిందా సార్?" అని వెళ్ళిపోయింది.

ఇదీ సంగతి. ఈ ఎర్ర గమ్ఛా గొడవ మాత్రం స్పందనకి తెలియనివ్వకు. కాబోయే మామ విమానంలో అల్లరిపాలయ్యాడని తెలిస్తే ఏమనుకుంటుంది? పేపర్ వచ్చినప్పటినుంచి అన్నం సయించడం లేదు. మన పృథ్వీ ముఖం చూస్తే భయమేస్తోంది. వాడి పెళ్ళి నా గమ్ఛాతో చెడితే వాడు నాతో మాట్లాడతాడా?

నీ మీదే ఆశ పెట్టుకున్న
జగన్నాథం

*

మర్రిపాలెం,
ఫిబ్రవరి 23

ప్రియమైన ఉస్తాద్‌కి,

మీరు కూర్చుని చదవండి. మంచినీళ్ళు దగ్గర పెట్టుకోండి.

మీరు ఫిట్ ఇచ్చిన పైలట్‌ది నాగ్‌పూర్. ఆవిడకి పెళ్ళయి ఇద్దరు పిల్లలు. కోడల్ని చేసుకోవడం కుదరదు.

మా స్పందనకి ఆ ముందు రోజు జలుబు పట్టింది. చెవులు దిబ్బడ వేస్తే విమానం నడపకూడదట. డ్యూటీ నుంచి తప్పించి నాగ్‌పూర్ ఆవిడని ఎక్కించారు. మా అమ్మాయి స్పేర్‌లో ఇంటికి బయల్దేరింది. ఎడమ రెక్క పక్క, నడవ వైపు సీటు. ముఖానికి మాస్కు.

ఇప్పుడు నీళ్ళు తాగండి.

మీరు ఫోనులో అప్పలనర్సమ్మ గారితో మాట్లాడింది విమానం మొత్తం విందట. అప్పుడే తెలిసిపోయింది దానికి. ఠేఠరీ బాగుందని చెప్పమంది. మీ ఉత్తరాలు రెండూ నేను చదువుతుంటే ఫోనులో విన్నది. టిఫిన్ డబ్బా దగ్గర చాలాసేపు నవ్వింది. పెంపకం మాట దగ్గర ప్రసూన నవ్వలేదు. ఆ లెక్క మీరూ ఆవిడా ముఖాముఖి తేల్చుకోండి.

అయితే మణికట్టు దగ్గర స్పందన నవ్వడం ఆపేసింది.

"నాన్నా, ఆయన లేస్తారని పట్టుకోలేదు" అంది. "ప్రొపెల్లర్ గింజుకున్నప్పుడు ఏమేం జరగొచ్చో ఆ పెట్టెలో ప్యాసింజర్లందరికన్నా నాకే ఎక్కువ తెలుసు. లోపల ఉంటే చేతులకి పని ఉండేది. ఇక్కడ ఏమీ లేదు. భయమేసింది. ఆయన ఎర్రది ఊపి నాకో పని ఇచ్చారు, కూర్చోబెట్టాను. తర్వాత మళ్ళీ పని లేదు. అందుకే పట్టుకున్నాను" అంది.

మీరు స్పేర్‌లో నేలని నొక్కేవారు చూడండి, అదే ఉస్తాద్. దానికి నేల చాల్లేదు, మీ చెయ్యి దొరికింది.

వెక్కిరింత అన్నారే, అదొక్కటే నేను మిమ్మల్ని క్షమించను. డ్రైవర్ సిగ్నల్ చూసి పైకి చెప్పాలి, అసిస్టెంట్ తిరిగి చెప్పాలి, అదే కాలింగ్. నాకు నేర్పింది మీరు. దాని చిన్నప్పుడు నేను దాన్ని సైకిల్ మీద స్కూలుకి తీసుకెళ్తూ దారిలో లైటు స్తంభాలకి కూడా కాలింగ్ ఇచ్చేవాణ్ణి, అది వెనక నుంచి తిరిగి చెప్పేది. మీరు కర్గీరోడ్ అన్నారు, అది తిరిగి చెప్పింది. ఉసలాపూర్ వచ్చేసరికి భయం తగ్గిందట. పక్కన అసిస్టెంట్ కూర్చుంటే గుర్తుపట్టలేకపోయారు మీరు!

ఇక ఫలితం. మీరు ఫెయిలయ్యారు. చూపు బాగుందట, క్యాబిన్‌లో ముందు కనిపెట్టింది మీరేనట. నోరు మాత్రం కంట్రోల్‌లో లేదట. సంబంధం క్యాన్సిల్ చేయమని నేనే అన్నాను, పరువు కోసం. "మనం ఫెయిలైన డ్రైవర్‌ని ఇంటికి పంపం కదా నాన్నా, రిఫ్రెషర్‌కి పంపుతాం" అంది. కాబట్టి రిఫ్రెషర్. ఈ గురువారం అదే విమానం, అదే సీటు. జలుబు తగ్గింది, నడిపేది అదే. గమ్ఛా ఇంట్లో పెట్టి రావాలి. వండి పెట్టేదెవరన్న మాట అప్పలనర్సమ్మ గారి ముందు వెనక్కి తీసుకోవాలి.

మిమ్మల్ని ఇకనుంచి ఏమని పిలవాలో మీ జవాబు చూసి తేల్చుకుంటాను.

ఇన్నాళ్ళకి మీ ముందు నిలబడిన
తిరుమలరావు

*

జబల్‌పూర్,
ఫిబ్రవరి 26

ప్రియమైన బావగారికి,

ఈ పిలుపు రాయడానికి మూడు కాయితాలు చింపాను. నిన్ను, అంటే మిమ్మల్ని, మీరు అనడం చేతికి రావడం లేదు. అలవాటవుతుంది.

మీ ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపించాను. పొయ్యి మీద పప్పు మాడేదాకా నవ్వింది. వంట మాట వెనక్కి తీసుకున్నాను. "ఒట్టినే తీసుకుంటే ఎలగ? ఈ నెలాఖరు దాకా నువ్వే వండు, అప్పుడు నమ్ముతాను" అంది. నిన్న వండాను. పృథ్వీ ఒక ముద్ద తిని, కంచం పక్కన పెట్టి, లేచి వాడే వండుకున్నాడు. నా కన్నా బాగా వండాడు. ఎప్పుడు నేర్చుకున్నావురా అంటే, "పాపా, ఉస్నే కహా థా, సీఖ్ లో" అన్నాడు, నేర్చుకోమని చెప్పిందట. ఆ "ఉస్నే" ఎవరో నేను అడగలేదు.

ఈ పొద్దున్న రిఫ్రెషర్‌కి హాజరయ్యాను. గమ్ఛా లేదు, మెడ బోసిగా ఉంది. సాక్షిగా మా ఆవిడ పక్క సీట్లో. విమానం లేచింది. రెండు పంఖాలూ తిరిగాయి. అయినా నా కాలు నేలని నొక్కుతూనే ఉంది, అది నేను దాచను. మన లైను అవతలి వైపు ఉండిపోయింది, కనబడదు. కళ్ళు మూసుకుని చెప్పుకున్నాను. ఉసలాపూర్ అన్నాను. ఎవరూ తిరిగి చెప్పలేదు. ఘుట్కూ అన్నాను. "ఘుట్కూ యేటి, నోర్మూసుకుని కూకో" అంది మా ఆవిడ. తిరిగి చెప్పేవాళ్ళు లేకపోతే చెప్పడంలో ఏమీ లేదు బావగారూ. ఆ రోజు నాకూ భయమేసింది. ఆ పిల్ల గొంతు వల్లే నేను మళ్ళీ లేవలేదు.

జబల్‌పూర్‌లో దించింది. నీళ్ళ గ్లాసు సంగతి రాయను. ఇంక నేను ఇన్‌స్పెక్టర్ని కాను.

మెట్లు దిగి నేల మీదికి వచ్చాక కాక్‌పిట్ వైపు తిరిగి నిలబడ్డాను. బండి బయల్దేరాక డ్రైవర్, గార్డు ఒకరికొకరు ఆల్‌రైట్ ఇచ్చుకుంటారు కదా, అలాగే చెయ్యి ఎత్తి నిదానంగా ఊపాను. సెక్యూరిటీ అతను వచ్చి, "దాదా, ఆగే చలియే, క్యా కర్ రహే హో?" అని ముందుకు నడవమన్నాడు. ఒక్క నిమిషం అన్నాను. మా ఆవిడ, "ఏటా ఊపడం, మళ్ళీ మొదలెట్టీసేవా?" అని చొక్కా పట్టి లాగింది.

నేను కదల్లేదు. అద్దం వెనక టోపీ, నల్లద్దాలు. అచ్చం ఫోటోలోలాగే. అప్పుడు ఒక చెయ్యి లేచింది. నేను ఊపినట్టే, అంతే నిదానంగా, తిరిగి ఊపింది.

ముహూర్తం చూడండి.

మీ బావ
జగన్నాథం